ముక్కు నుంచి తోక మొదలు దాకా

దర్జీ మెడలో వేలాడేలాంటి టేపు ఒకటి, మెత్తటి తువ్వాలు ఒకటి, సాయానికి ఇంకో మనిషి. పెంపుడు తొండను కొలవడానికి అంతకు మించిన సరంజామా అక్కర్లేదు. సాయానికి వచ్చిన మనిషి తొండ వీపు మీద అరచెయ్యి వేసి, నొక్కీ నొక్కనట్టు తువ్వాలుకు ఆనించి పట్టుకోవాలి. అది గొంతు కింద ముళ్లగడ్డాన్ని నల్లగా ఉబ్బించి, నోరు బార్లా తెరిచి బెదిరిస్తుంది. బెదరకుండా టేపు సున్నాను ముక్కు కొసన పెట్టి, ఒంటి పక్కగా తోక మొదట్లో ఉన్న రంధ్రం దాకా లాగాలి. అక్కడ ఆగిపోవాలి. తోక ఎంత పొడుగున్నా లెక్కలోకి రాదు. కొలత 22 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. 5తో హెచ్చవేస్తే 110, 4తో 88, 3తో 66. ఆ తొండకూ దాని జతకూ కలిపి ఇవ్వాల్సిన పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు అవే.

ఈ లెక్క జర్మనీది. అక్కడి కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ నిపుణుల చేత రాయించిన ఒక నివేదికలో ఉంది. దాని మీద 1997 జనవరి 10 తేదీ ఉంటుంది. సరీసృపాల పెంపకానికి కనీస అవసరాలు అన్నది దాని విషయం, దాని పేరు కూడా దాదాపు అదే. జాతి పేరు, పక్కన మూడు అంకెలు. తొండలకూ బల్లులకూ ఆ అంకెల్ని ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉన్న నిడివితో హెచ్చవేయాలి. పాములకు తోక కొసతో సహా మొత్తం నిడివితో, తాబేళ్లకు డిప్ప పొడవుతో. పైన చెప్పిన 5, 4, 3 బియర్డెడ్ డ్రాగన్‌వి. పేరులో డ్రాగన్ ఉంది గాని, అది మన కంచెల మీద తల ఊపే తొండకు ఆస్ట్రేలియాలో ఉన్న దాయాది. లెపర్డ్ గెకో అనే మచ్చల బల్లికి 4, 3, 2. మెట్ట తాబేలుకు డిప్పకు 8 రెట్ల పొడవు, అందులో సగం వెడల్పు. బాల్ పైథాన్ అనే పొట్టి కొండచిలువకు నిడివంత పొడవు, నిడివిలో సగం వెడల్పు, ముప్పావు ఎత్తు. కార్న్ స్నేక్‌కు మాత్రం ఎత్తు కూడా నిడివంత ఉండాలి. ఎందుకంటే అది చెట్లెక్కే పాము, బాల్ పైథాన్ ఎక్కువగా నేలనూ బొరియల్నీ నమ్ముకున్న పాము. ఆ మూడో అంకెలో పాము బతుకు కొంత కనిపిస్తుంది.

తోకను ఎందుకు వదిలేశారో బల్లిని చూసిన వాళ్లెవరికైనా తెలుసు. పిల్లి పంజా పడితే తోక తెంపుకుని పోతుంది, మళ్లీ మొలిచేది పొట్టిగా ఉంటుంది. తోక తెగిన మర్నాడు ఇల్లు చిన్నదవ్వకూడదు కదా. ఇగ్వానాకైతే ఒంటికి రెట్టింపు తోక ఉంటుంది. తోకతో కొలిస్తే పెట్టెకు బదులు గోదాము కట్టాలి. తోక తీసేసినా తక్కువేం కాదు. ఎదిగిన ఇగ్వానా ఒళ్లు 40 సెంటీమీటర్లు ఉంటే, 4, 3, 4 లెక్కన 160 పొడవు, 120 వెడల్పు, 160 ఎత్తు. నగరాల్లో అంతకంటే చిన్న స్నానాల గదులున్నాయి.

చట్టాలు జంతువుల గదుల్ని కొలవడం కొత్త కాదు. మన దేశంలోనే 1992 నాటి జంతుప్రదర్శనశాలల గుర్తింపు నియమాల్లో పులి రాత్రిపూట తిని పడుకునే గది 2.75 మీటర్ల పొడవు, 1.80 వెడల్పు, 3 మీటర్ల ఎత్తుకు తగ్గకూడదని ఉండేది. అది మీటర్లలో రాసిన కొలత. పులి చిన్నదైనా పెద్దదైనా గది అదే. ఒక జాతిలో ఎదిగిన పులులన్నీ కాస్త అటూ ఇటూగా ఒకే పరిమాణంలో ఉంటాయి కాబట్టి అక్కడ చెల్లుతుంది. సరీసృపాలతో చెల్లదు. గుడ్డులోంచి వచ్చినప్పుడు వేలంత ఉండేది ఆరేళ్లకు మనిషంత అవుతుంది. ముప్పై నలభై ఏళ్లు బతికేవి, డిప్పతో వందేళ్ల దాకా నెట్టుకొచ్చేవీ ఉన్నాయి. అలాంటి వాటికి మీటరు బద్దతో ఇల్లు గీయడం చంటిపిల్లాడి కాలికి చెప్పులు కుట్టి జీవితాంతం తొడుక్కోమనడమే. జర్మన్లు చేసిన తెలివైన పని బద్దను పక్కనపెట్టి, ఆ జంతువు ఒంటినే బద్ద చేయడం.

అక్కడిదాకా రావడానికి నూటయాభై ఏళ్లు పట్టింది. అంతకు ముందు పెట్టె కొలతను నిర్ణయించింది జంతువు కాదు, గాజు పలక.

లండన్‌లో నథానియెల్ వార్డ్ అనే వైద్యుడు ఉండేవాడు. 1829 ప్రాంతంలో ఒక పురుగు గూడు చిలుకగా మారడం చూద్దామని సీసాలో తడిమట్టి పోసి, గూడు పెట్టి మూత వేశాడు. చిలుక సంగతి ఎలా ఉన్నా, ఊరి పొగకు బతకని ఫెర్న్ మొక్క ఒకటి ఆ సీసాలో పచ్చగా మొలిచింది. దాంతో బిగించిన గాజు పెట్టెల్లో మొక్కలు పెంచడం మొదలైంది. ఆ పెట్టెల్లోనే చైనా తేయాకు మొక్కలు హిమాలయాల వాలుకు, సింకోనా మొక్కలు నీలగిరులకు ఓడల మీద వచ్చాయి. 1845లో బ్రిటన్ గాజు మీద సుంకం ఎత్తేశాక అవే పెట్టెలు మధ్యతరగతి ముందుగదుల్లో అలంకారాలయ్యాయి. మొక్కల మధ్య ఒక కప్ప, ఒక బల్లి ఉంటే బాగుంటుందని ఎవరికో తోచింది. 1884 నాటికి జర్మన్ భాషలో యోహాన్ ఫాన్ ఫిషర్ టెర్రేరియం అనే ఈ గాజు పెట్టె మీద ఒక లావుపాటి గ్రంథమే రాశాడు. బల్ల మీద పట్టేంత, కిటికీ గట్టు మీద నిలిచేంత, ఒక మనిషి ఎత్తగలిగేంత. పెట్టె కొలతలు అవి. లోపలున్న ప్రాణికి ఆ నిర్ణయంలో పాత్ర లేదు.

పెద్ద ఎత్తున పాముల్ని గాజు వెనక పెట్టిన మొదటి చోటు కూడా లండనే. అక్కడి జూలో 1849లో ప్రపంచంలోనే మొదటి సరీసృపశాల తెరిచారు. మూడేళ్లకు, 1852 అక్టోబరులో, రాత్రి తాగి పొద్దున్నే పనిలోకి వచ్చిన కాపలాదారు నాగుపాముతో పరాచికాలాడి ముఖాన కాటు తిని చనిపోయాడు. ఆ రోజుల్లో సరీసృపశాలకు జనం వచ్చేది ప్రధానంగా భయం కోసం. పాము కనిపించాలి, అదీ గాజుకు దగ్గరగా కనిపించాలి. పెద్ద గదిలో రాళ్ల చాటున దాక్కున్న పాముకు టిక్కెట్టు ఎవరు కొంటారు?

ఈ ఆలోచనకు మొదట గట్టిగా ఎదురు నిలిచిన మనిషి జోన్ ప్రాక్టర్. 1897లో పుట్టిన ఈవిడ బడికెళ్లే రోజుల్లోనే ఒక మొసలి పిల్లను పెంచి, లెక్కల తరగతికి కూడా తీసుకెళ్లింది. 1923లో లండన్ జూలో సరీసృపాల విభాగానికి అధిపతి అయింది. ఆమె ఆలోచన మీద కట్టిన కొత్త సరీసృపశాల 1927లో తెరిచారు. అందులో విద్యుత్తుతో అరలకు వేరువేరుగా వెచ్చదనం అమర్చారు. అతినీలలోహిత కిరణాలు లోపలికి వచ్చే ప్రత్యేకమైన గాజు బిగించారు. మామూలు కిటికీ గాజు ఆ కిరణాల్ని ఆపేస్తుంది. అవి తగలకపోతే తొండ ఒంట్లో విటమిన్ డి తయారవదు, ఎముకలు రబ్బరులా మెత్తబడతాయి, దవడ వంకర పోతుంది. కొమోడో డ్రాగన్‌ను వెంట నడిపిస్తూ జూలో తిరిగిన ఆ ప్రాక్టర్ 1931లో, 34 ఏళ్లకే చనిపోయింది. కొలతల చట్టం ఆమె రాయలేదు. కాని గాజు పెట్టెలో చూడాల్సింది ఎంత పెద్దది అన్నదొక్కటే కాదు, లోపల ఏముంది అన్నది కూడా అని కట్టి చూపించింది.

లోపల ఏముంది అన్నదానికీ ఎంత పెద్దది అన్నదానికీ ఉన్న లంకె 1944లో తేలింది. రేమండ్ కౌల్స్, చార్లెస్ బోగర్ట్ అనే అమెరికా శాస్త్రవేత్తలు దక్షిణ కాలిఫోర్నియా ఎడారిలో తొండల, పాముల ఒంటి వేడిని కొలిచారు. అప్పటిదాకా ఇవి శీతల రక్త జంతువులు, బయట ఎంతుంటే లోపల అంతే అన్నది బడి పాఠం. తీరా చూస్తే తొండ ఎండలోకీ నీడలోకీ మారుతూ, వేడిరాయి మీద పొట్ట ఆనించి, మళ్లీ లేచి, రోజంతా తన ఒంటి వేడిని ఒక ఇరుకైన హద్దులో నిలబెట్టుకుంటోంది. మనకు ఆ పని ఒళ్లు చేసి పెడుతుంది, తొండ నడిచి చేసుకుంటుంది.

గాజు పెట్టెకు ఈ సంగతి అన్వయించి చూస్తే పొడవు అన్న మాటకు అర్థమే మారుతుంది. బియర్డెడ్ డ్రాగన్‌కు దీపం కింద రాయి 40 డిగ్రీల దాకా కాగాలి, పెట్టె రెండో కొస 25 దగ్గర ఉండాలి. అరవై సెంటీమీటర్ల పెట్టెలో ఆ దీపం వెలిగిస్తే రెండో కొస అంటూ మిగలదు, మొత్తం పొయ్యే. తొండ ఎటు నడిచినా అదే వేడి. అందుకని యజమాని దీపం తగ్గిస్తాడు, అప్పుడు తిన్నది అరగదు. పెట్టె పొడవు తిరగడానికి మాత్రమే కాదు, ఎండకూ నీడకూ మధ్య ఉండాల్సిన దూరం కూడా.

స్విట్జర్లాండ్‌లో హైని హెడిగర్ ఇదే కాలంలో ఇంకో వైపు నుంచి వచ్చాడు. బెర్న్, బాసెల్, జ్యూరిక్ జూలకు వరసగా డైరెక్టరుగా పనిచేసినవాడు. 1942లో బందీ అయిన అడవి జంతువుల మీద పుస్తకం రాశాడు. అడవిలో జంతువు స్వేచ్ఛగా తిరుగుతుందన్నది మన భ్రమ అనీ, అది దారులూ మకాములూ కాలకృత్యాల చోట్లూ ఉన్న ఒక ఇంటిలాంటి హద్దులో బతుకుతుందనీ ఆయన వాదం. కాబట్టి చోటు ఎంతన్నదానికన్నా ఎలాంటిదన్నది ముఖ్యం అంటాడు. చట్టం రాసేవాళ్లకు ఆయన మాట కొంచెం ఇబ్బందే. ఎలాంటిదో కొలిచే టేపు లేదు, ఎంతో కొలిచేది ఉంది.

అమెరికా ఈలోగా వేరే దారి పట్టింది, అది కొంచెం విడ్డూరమైన దారి. పెట్టెను కాకుండా లోపలి జంతువును కొలిచింది. 1950, 60 దశకాల్లో అక్కడి చవక దుకాణాల్లో చెవుల దగ్గర ఎర్రచార ఉన్న నీటి తాబేలు పిల్లలు అమ్మేవారు, రూపాయి బిళ్లకంటే కాస్త పెద్దవి. వాటితోపాటు ఒక ప్లాస్టిక్ గిన్నె, గిన్నె మధ్య చిన్న దిబ్బ, దిబ్బ మీద ప్లాస్టిక్ తాటిచెట్టు. పిల్లలు తాబేలును నోట్లో పెట్టుకునేవారు, గిన్నె కడిగిన నీళ్లలో చేతులు ముంచేవారు. సాల్మొనెల్లా విరేచనాలు లక్షల్లో పెరిగాయి. 1975లో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ డిప్ప 4 అంగుళాలకు తక్కువ ఉన్న తాబేళ్లను పెంపకానికి అమ్మరాదంది. నోట్లో పట్టని తాబేలును పిల్లలు నోట్లో పెట్టుకోరని దాని తర్కం. ఆ నియమం వల్ల మొదటి ఏడాదే లక్ష మంది పిల్లలు జబ్బు తప్పించుకున్నారని అక్కడి అంటువ్యాధుల కేంద్రం అంచనా. తాబేలు గిన్నె మాత్రం గిన్నెగానే ఉండిపోయింది. అదే జర్మన్ లెక్కలో చూస్తే, ఎదిగి 25 సెంటీమీటర్ల డిప్ప కట్టిన ఆడ తాబేలుకు 5 రెట్లు, అంటే 125 సెంటీమీటర్ల నీటితొట్టి కావాలి. ప్లాస్టిక్ తాటిచెట్టు కూడా అందులో ఓ మూలకు పోతుంది.

బ్రిటన్ మొదట పక్షుల్ని పట్టించుకుంది. 1954 నాటి పక్షి సంరక్షణ చట్టం 8వ సెక్షను ప్రకారం, రెక్కలు పూర్తిగా చాచుకోవడానికి వీల్లేనంత చిన్న పంజరంలో పక్షిని ఉంచడం నేరమైంది. ఎత్తు, పొడవు, వెడల్పు మూడూ చూడాలి. గమనించండి, ఇక్కడ కూడా కొలబద్ద జంతువు ఒళ్లే. అంగుళాలు లేవు, రెక్కలున్నాయి. కోళ్లకు మాత్రం మినహాయింపు. దేశంలో అన్నిటికంటే ఇరుగ్గా బతికే పక్షికే ఆ చట్టం వర్తించలేదన్నమాట. 1965లో బ్రాంబెల్ కమిటీ పొలం జంతువుల కోసం ఆ సూత్రాన్నే సాగదీసింది. ప్రతి జంతువుకూ లేవడానికి, పడుకోవడానికి, వెనక్కి తిరగడానికి, ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి, కాళ్లు చాచుకోవడానికి చోటుండాలంది. కాళ్లు లేని జంతువును గురించి ఆ కమిటీ ఆలోచించలేదు. ఆలోచించాల్సిన పనీ వాళ్లకు లేదు. కాని ఆ మౌనం తర్వాత యాభై ఏళ్లు పాముల్ని వెంటాడింది. పాము చుట్ట చుట్టుకునే ఉంటుంది కదా, దానికి చాచుకోవడం ఎందుకు అన్న మాట అమ్మకందార్లకు బాగా అలవాటైపోయింది.

ఆ అమ్మకందార్లు అప్పటికి పెద్దవాళ్లయ్యారు. 1990లో నింజా తాబేళ్ల సినిమా వచ్చాక బ్రిటన్‌లో ప్రతి పిల్లాడికీ తాబేలు కావాల్సి వచ్చింది. పళ్లెమంత పెరిగాక వాటిని ఊరి చెరువుల్లో వదిలారు. 1997లో ఐరోపా యూనియన్ ఎర్రచెవుల తాబేలు దిగుమతే ఆపేసింది. 1993లో జురాసిక్ పార్క్ వచ్చాక ఇగ్వానా పిల్లల వంతు, అమెరికాకు లక్షల్లో దిగాయి. ఆస్ట్రేలియా తన జంతువుల ఎగుమతిని 1960 దశకంలోనే ఆపేసింది, అయినా ఐరోపా, అమెరికా ఇళ్లలో బియర్డెడ్ డ్రాగన్లు నిండిపోయాయి. ఎవరో కొద్దిమంది దొంగతనంగా దాటించిన వాటి సంతానమే అవన్నీ. జర్మనీ ప్రభుత్వం 5, 4, 3 అని శ్రద్ధగా రాసిపెట్టింది ఆ దొంగసొత్తు మనవలకే.

బాల్ పైథాన్ కథ ఇంకా పెద్దది. పశ్చిమ ఆఫ్రికాలో ఘానా, టోగో, బెనిన్ దేశాల గడ్డిమైదానాలు దాని పుట్టిల్లు. బెదిరితే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది, ఆ పేరు అందుకే. బెనిన్‌లోని విడా పట్నంలో దానికి గుడి ఉంది. లోపల గచ్చు మీద డజన్లకొద్దీ పాములు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటాయి. రాత్రిళ్లు వాటిని ఊళ్లోకి వదులుతారు. ఎలకల్ని పట్టుకుని ఎవరింట్లోనో దూరితే ఆ ఇంటివాళ్లు తెల్లారి భక్తిగా తెచ్చి గుడిలో అప్పగిస్తారు. అదే పాము 1990ల నుంచి అమెరికాలో రంగుల సరుకైంది. తెల్లది, పసుపుది, చారలున్నది, లేనిది. ఒక్కో కొత్త రంగుకు వేల డాలర్లు. వందల పాముల్ని పెట్టుకున్నవాడికి గాజు పెట్టె దండగ. బట్టల బీరువాలా సొరుగులున్న చట్రం, ఒక్కో సొరుగూ ఒక ప్లాస్టిక్ డబ్బా, అడుగున కాగితం, ఒక నీళ్ల గిన్నె, వెనక వేడి పట్టీ. ఎత్తు జానెడు. ఒకటిన్నర మీటర్ల పాము అందులో జీవితాంతం వంకరగానే ఉంటుంది.

డబ్బాలవాళ్ల వాదన పూర్తిగా కొట్టిపారేసేది కాదని ఒప్పుకోవాలి. బాల్ పైథాన్ అడవిలో ఎలకల బొరియల్లో, చెదపుట్టల్లో దాక్కునే పిరికి ప్రాణి. బోసిపోయిన పెద్ద గాజు పెట్టెలో వేస్తే నెలల తరబడి తిండి మానేస్తుంది, డబ్బాలో వేస్తే మర్నాడే తింటుంది. పెంచేవాళ్లు చాలామంది చూసిన సంగతే ఇది. అయితే అది తేల్చేది పాముకు దాక్కునే చోటు కావాలని. పెద్ద ఇంట్లో నాలుగు చాటు మూలలు పెట్టినా ఆ పని అవుతుంది. పడగ్గది ఇరుగ్గా ఉంటే హాయిగా నిద్రపడుతుందని ఇల్లంతా పడగ్గదంత కట్టుకోం కదా.

పాము చుట్టుకునే ఉంటుందన్న మాటను 2019లో క్లిఫర్డ్ వార్విక్, ఆయన సహచరులు పరీక్షకు పెట్టారు. చోటు బాగా ఉన్న ప్రదర్శనశాలల్లో 65 పాముల్ని ఒక్కోదాన్నీ గంటసేపు చూశారు. 24 పాములు, అంటే మూడింట ఒక వంతుకు పైగా, ఆ గంటలోనే తిన్నగానో దాదాపు తిన్నగానో చాచుకున్నాయి. చాచుకునే వీలుంటే పాము చాచుకుంటుంది. ఇంత సాదా సంగతిని రుజువు చేయడానికి 2019 దాకా ఆగాల్సి వచ్చింది. బ్రిటన్‌లో పిచ్చుకకు 1954లోనే దక్కిన మాట అది. జర్మన్ నివేదిక బాల్ పైథాన్‌కు నిడివంత పొడవు అని రాయడం వల్ల 1997లోనే ఈ చర్చను చడీచప్పుడు లేకుండా దాటేసింది.

ఆ నివేదిక చట్టం కాదన్నది మర్చిపోకూడదు. జర్మనీలో చట్టం అంటే 1972 నాటి జంతు సంరక్షణ చట్టం. దాని 2వ సెక్షను జంతువును పెంచేవాళ్లు దాని జాతికీ అవసరాలకూ తగ్గట్టు తిండి, సంరక్షణ, నివాసం ఇవ్వాలంటుంది, కొలత చెప్పదు. తగ్గట్టు అంటే ఎంత అని జిల్లా పశువైద్యాధికారికో జడ్జికో సందేహం వచ్చినప్పుడు ఈ నివేదిక తెరుస్తారు. 2002లో జంతు సంరక్షణ ఆ దేశ రాజ్యాంగంలోకే ఎక్కాక దాని బరువు ఇంకొంచెం పెరిగింది. స్విట్జర్లాండ్ అలా వదలకుండా, 2008 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన నిబంధనల అనుబంధంలోనే సరీసృపాల పట్టికను ఒంటి నిడివి లెక్కల్లో అచ్చువేసింది. అక్కడది నేరుగా చట్టమే. ఇంగ్లండ్ మధ్యలో ఆగింది. 2018 నుంచి అమ్మేవాళ్లకు లైసెన్సు నియమాలున్నాయి, కొనుక్కుని ఇంటికి తీసుకెళ్లినవాళ్లకు 2006 చట్టం తగిన పరిసరాలు కల్పించమని మాత్రమే చెబుతుంది.

నార్వేది అన్నిటికంటే తేలికైన పద్ధతి. 1970ల నుంచి పెంపుడు సరీసృపాల్నే నిషేధించింది, ఇక పెట్టె కొలిచే పనేముంది? దొంగతనంగా పెంచేవాళ్లు పెంచుతూనే వచ్చారు. వాటికి జబ్బు చేస్తే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లడానికి భయం. చివరికి 2017 ఆగస్టు 15న 19 జాతులకు తలుపు తెరిచింది. అందులో బియర్డెడ్ డ్రాగన్, లెపర్డ్ గెకో, కార్న్ స్నేక్, బాల్ పైథాన్ ఉన్నాయి.

కనీస కొలతలతో వచ్చే చిక్కు ఏ దేశంలోనైనా ఒకటే. కనీసం అని రాసింది అంగట్లో గరిష్ఠమై కూర్చుంటుంది. అదైనా అందితే నయమే. పెంపుడు సరీసృపాల దుకాణాల్లో తయారుగా దొరికే పెట్టెల్లో బాగా చెలామణి అయ్యేది 120 పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు. మొదట్లో కొలిచిన 22 సెంటీమీటర్ల తొండను అందులో పెడదాం. పొడవు 110 చాలు, 120 ఉంది, బాగానే ఉంది. వెడల్పు 88 కావాలి, 60 ఉంది. ఎత్తు 66 కావాలి, 60 ఉంది. మూడింట రెండు తప్పాయి. అరవై వెడల్పు సరిపోవాలంటే తొండ 15 సెంటీమీటర్లు మించకూడదు, అంటే ఇంకా పిల్ల. చెక్క పలక నాలుగడుగులకు రెండడుగులుగా కోస్తే వృథా పోదు కాబట్టి పెట్టె అలా వచ్చింది. వార్డ్ కాలంలో గాజు పలక చేసిన పనినే ఇప్పుడు చెక్క పలక చేస్తోంది.

మన దగ్గర పాము పెట్టె అంటే మొదట గుర్తొచ్చేది పాములవాడి బుట్ట. వెదురుతో అల్లి, పేడ అలికి, మూత పెట్టి గుడ్డతో కట్టిన గుండ్రటి బుట్ట. నాగుల చవితి నాడు గుమ్మం ముందు దించి మూత తీస్తే, నాగస్వరం చప్పుడుకు పడగ లేచేది. పాము ఎంత పొడవున్నా బుట్ట అడుగు మూరెడే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ బుట్టను కొలవలేదు, మొత్తంగా నేరం కిందికి తెచ్చింది. నాగుపాము, కొండచిలువ, ఉడుము, రాయలసీమ మెట్టల్లో వానకు బయటికొచ్చే నక్షత్ర తాబేలు, ఇవేవీ ఇంట్లో పెంచడానికి లేదు. అదృష్టం తెస్తుందని నక్షత్ర తాబేలును తొట్టిలో పెట్టుకోవడం మాత్రం ఆగలేదు. అంతర్జాతీయ వ్యాపారంలో దాన్ని 2019లో సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలోకి చేర్చి, కట్టుదిట్టమైన నిషేధం పెట్టారు.

విదేశీ జాతులది వేరే దారి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఇగ్వానా, బాల్ పైథాన్ కొనేవాడికి 1972 చట్టం అడ్డం రాలేదు. 2020లో కేంద్రం స్వచ్ఛందంగా వెల్లడించమంది. 2022లో చట్టాన్ని సవరించి, 2024 ఫిబ్రవరిలో జీవజాతుల నమోదు నియమాలు తెచ్చి, ఆరు నెలల్లో పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోమంది. దుకాణాల సంగతికొస్తే 2018 పెంపుడు జంతువుల దుకాణాల నియమాలున్నాయి. వాటిలో పెంపుడు జంతువు అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో కుక్క, పిల్లి, కుందేలు, గినీపిగ్, హామ్‌స్టర్, ఎలుక జాతులు, పంజరపు పక్షులు ఉన్నాయి. తొండ లేదు, తాబేలు లేదు, పాము లేదు.

మిగిలేది 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం. రాజ్యసభలో రుక్మిణీదేవి అరుండేల్ పెట్టిన బిల్లును నెహ్రూ మాట మీద వెనక్కి తీసుకోగా, దాని స్థానంలో ప్రభుత్వమే తెచ్చిన చట్టం ఇది. పదకొండో సెక్షనులో ఒక చిన్న ఉపవాక్యం ఉంది. కదలడానికి తగిన అవకాశం ఇవ్వనంత తక్కువ ఎత్తు, పొడవు, వెడల్పు ఉన్న పంజరంలో గాని మరే పాత్రలో గాని జంతువును ఉంచడం నేరం అని. ఆరేళ్ల ముందరి బ్రిటిష్ పక్షి చట్టంతో పక్కన పెట్టి చదివితే పోలిక దాగదు. పంజరం, మరే పాత్ర, మూడు కొలతలు, అన్నీ అదే మూస. తేడా ఒక్కటే. అక్కడ రెక్క ఉన్నచోట ఇక్కడ కదలిక ఉంది, పక్షి ఉన్నచోట జంతువు ఉంది. ఆ మార్పుతో ఆ వాక్యంలోకి బ్రిటిష్ చట్టం తలవని పాము కూడా వచ్చి చేరింది. బుట్ట అయినా డబ్బా అయినా పాత్రే.

తగిన అవకాశం అంటే ఎంతో చెప్పే పట్టిక మాత్రం సరీసృపాలకు ఎవరూ జతచేయలేదు. అదే సెక్షను కింద మొదటి తప్పుకు రాసిన జరిమానా 10 రూపాయలకు తగ్గకుండా 50 రూపాయల దాకా. దర్జీ టేపు కూడా ఇంచుమించు ఆ ధరలోనే వస్తుంది.